కరవని ఎండ్రకాయలు

“ఎండ్రకాయలు లెక్కలోకి రావు.”

ఈ మాట అన్నది ఒక ఆఫీసరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మా ఊరి కొబ్బరి బోండాం. మేం మర్యాదకు కొట్టించి ఇచ్చిందే. ఆ మాట అనేసి, బోండాం నీళ్ళు చివరి చుక్క దాకా పీల్చి, జీపెక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి నేను ఇంటర్ చదివే పిల్లను. ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అయినా ఆ మాట గుర్తొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా ఆయన అంటుంటాడు, “ఇన్నేళ్ళయింది, ఇంక వదిలేయరాదా” అని. ఎందుకు వదలాలి? వాళ్ళు వదిలింది చాలదా, మా వంకలోకి!

మా ఊరు హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారిలో, తారురోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. ఊరి పక్కనే వంక. వంకంటే ఏడాది పొడుగునా పారే ఏరు కాదు. వానాకాలంలో కొన్నాళ్ళు ఎర్రగా పొర్లుతుంది, తర్వాత మడుగులు మడుగులుగా నిలుస్తుంది. ఆ మడుగుల గట్లలో బొరియలు, బొరియల్లో ఎండ్రకాయలు. కోస్తా వాళ్ళు పీతలంటారే, అవి. నీళ్ళలో రాళ్ళను కరుచుకుని నత్తలు, అడుగు బురదలో ఆలిచిప్పలు, నీటి మీద కాళ్ళు చాపుకుని జారిపోయే పురుగులు. చిన్నప్పుడు సెలవులన్నీ నాకు అక్కడే గడిచేవి. వెన్నెముక లేని జంతువులని వాటి గురించి పుస్తకంలో చదువుకున్నది తర్వాతి సంగతి. అంతకుముందే నా వేళ్ళన్నీ ఎండ్రకాయల చేత కరిపించుకున్నాను.

మా నాయనది వానను నమ్ముకున్న సేద్యం. ఎర్రనేల, వేరుశెనగ, సాళ్ళ మధ్య కంది. బోరు లేదు, బావి నేను పుట్టకముందే ఎండిపోయింది. మా ఇంట్లో అన్నిటికన్నా విలువైనది ఏమిటంటే అమ్మ మెడలో పుస్తెలు కాదు, అటక మీది విత్తనపు కాయ. పోయిన పంటలోంచి గట్టి కాయ ఏరి, గోతాల్లో కట్టి, ఎలుకలు ముట్టకుండా దాచేవాళ్ళు. కాయలో ఉన్నంతకాలం గింజకు భయం లేదు. ఒలిచాక మాత్రం ఆగదు. పైనున్న ఎర్రపొర రాలుతుంది, పురుగు పడుతుంది, భూమిలో వేసినా సగం మొలవదు. పోనీ వాన పడ్డాక ఒలుద్దాంలే అనుకుంటే, ఎర్రనేలలో తడి ఎన్నాళ్ళుంటుంది? గట్టి ఎండ కాస్తే పదును ఆరిపోతుంది. చేనుకు సరిపడా కాయ చేతులతో ఒలవాలంటే ఇంటిల్లిపాదీ కూర్చున్నా ఒక పూటలో తేలే పని కాదు. అందుకని వానకు ముందే ఒలవాలి, మరీ ముందుగా ఒలవకూడదు. ఎప్పుడు ఒలవాలన్న ఆ ఒక్క ప్రశ్న మీద మా నాయన బతుకు నిలబడి ఉండేది. అది తప్పితే ఆ ఏటికి పంటా లేదు, మరుసటేటికి విత్తనమూ లేదు. విత్తనం లేకపోతే బెంగళూరు బస్సెక్కి ఇటుకలు మోయడమే.

మా ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవి ఎండ్రకాయలు. జూన్‌లో తొలకరి పడి, దున్నకాలు అయ్యి, అందరూ మలివాన కోసం ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నప్పుడు, ఒక పొద్దున ఎండ్రకాయలు బొరియలు వదిలి గట్టెక్కేవి. ఎక్కాయంటే రెండు మూడు రోజుల్లో వాన. వంక పొర్లి బొరియలు మునుగుతాయని వాటికి ఎలా తెలుస్తుందో నాకు తెలీదు, మా నాయన ఎప్పుడూ అడగలేదు. పంచాంగం తప్పింది, రేడియో తప్పింది, అవి మాత్రం తప్పలేదు. అవి గట్టెక్కే దాకా ఊళ్ళో ఎవరూ ఒక్క కాయ కూడా చిదిమేవాళ్ళు కాదు. తొందరపడి ఎవరైనా ముందే ఒలిస్తే, “ఏమప్పా, ఎండ్రకాయలు నీకు జాబు రాసినాయా?” అని నవ్వేవాళ్ళు. గట్టెక్కాయన్న కేక వినపడగానే ఇంటింటి ముందూ చాపలు పరుచుకునేవి.

తొంభైల నడుమ, మా వంక పుట్టే మెరక మీద మందుల ఫ్యాక్టరీ వచ్చింది. మాత్రలు చేసేది కాదు, మాత్రల్లోకి వేసే పొడి చేసేది. ఊరంతా సంబరపడింది. గేటు దగ్గర కొందరికి పని దొరికింది. “మన నీళ్ళతో నలుగురి జబ్బులు నయమైతాయంట” అని మా అమ్మ పొంగిపోయింది. పిచ్చి తల్లి!

మరుసటేడు జూన్‌లో తొలకరి పడింది. నాయన చేను దున్ని పెట్టాడు. మలివాన రాలేదు. మబ్బు రావడం, గాలికి కొట్టుకుపోవడం. నాయన అన్నం ముందు కూర్చుని కూడా వాకిలి వైపే చూసేవాడు. అలాంటి రోజుల్లో, నాకు కాలేజీ లేని ఒక పొద్దున, వీధిలో కేక వినపడింది.

“ఎండ్రకాయలు గట్టెక్కినాయంటప్పో!”

నాయన ముఖం వెలిగిపోయింది. అవ్వా నేనూ బుట్ట తీసుకుని వంకకు పరిగెత్తాం. అవ్వంటే మా నాయన తల్లి. ఎండ్రకాయల పులుసు పెట్టడంలో ఆమె చెయ్యి పడాల్సిందే. వెళ్ళి చూస్తే గట్టు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఎండలో, బండల మీద, తుమ్మచెట్టు మొదట్లో, బాటలో, ఎక్కడ చూసినా ఎండ్రకాయలే. మామూలుగా మనిషి నీడ పడితే చాలు, సర్రున బొరియలోకి దూరిపోతాయి. పట్టుకోవాలంటే వెనకనుంచి ఒడుపుగా ఒత్తిపట్టాలి, అయినా కరుస్తాయి. ఆ రోజు నా నీడ పడినా ఒక్కటీ కదల్లేదు. ఒకటి తనంతట తానే నా అరచేతిలోకి ఎక్కింది. దాని పెద్దకాళ్ళ మధ్య వేలు పెట్టాను. ఊరుకుంది.

“అవ్వా, చూడు, కరవలేదు!” అని గంతులేశాను.

అవ్వ వంగి ఇంకొకదాన్ని తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. “ఇదేందే పాపా? కరవదేమే?”

“మంచిదే కదవ్వా.”

“మంచిదెట్లయితాది? కరవని ఎండ్రకాయను నేను పుట్టినప్పటినుంచి చూసిండ్లేదు.” అవ్వ బుట్టలో ఉన్నవన్నీ గట్టు మీద గుమ్మరించేసింది. “ఇవి తినేటివి కాదు. పోదాం పా.”

ఇంటికి వచ్చి కొడుకుతో చెప్పింది. నాయన అప్పటికే అటకెక్కి గోతాలు దించుతున్నాడు. “అమ్మా, శుభమా అని వాన వస్తాంటే నువ్వు అడ్డం మాట్లాడద్దు” అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. అవ్వ మాత్రం ఏమంటుంది? అది మంచిది కాదని తోచింది గాని, ఏమిటో ఆమెకూ తెలీదు. కాసేపటికి కొంగు బిగించి తనే చాప మీద కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది.

ఆ ఒలుపుడు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఊరంతా టపటపమని చప్పుడు. కాయ మొన నేలకు కొట్టి, బొటనవేలితో నొక్కి, గింజలు చేటలో వేయడం. చేటలో పడాల్సిన గింజ నోట్లో పడితే అమ్మ చేతిమీద ఒక్కటిచ్చేది. వేళ్ళు వాచి, గోళ్ళ సందుల్లో మంట పుట్టినా ఎవరూ లేవలేదు. ఎగతాళులు, పాటలు, పెళ్ళిసంబంధాల కబుర్లు. నాయన ఒలిచిన గింజల్లో చెయ్యి పెట్టి కలుపుతూ, “ఈతూరి కాయ గట్టిగుండాది” అని పదే పదే అన్నాడు. ఒలవడం అయిపోగానే గొర్రు కట్టాడు. తొలకరి పదును నేలలో ఇంకా అరకొరగా ఉంది. వాన ఎలాగూ వస్తోంది కదా అని, అమ్మా పక్కింటి ఆడవాళ్ళూ గొర్రు వెనక నడుస్తూ విత్తనం వేశారు. మా ఇంటి విత్తనమంతా ఆ రోజు భూమిలోకి వెళ్ళిపోయింది.

వాన రాలేదు.

రేపు రేపు అని చూశాం. మబ్బు పట్టినా నిలవలేదు. ఆ కొద్దిపాటి తడికే విత్తనం మొలిచింది. అదే నాకు అన్నిటికన్నా కడుపుమంట. మొలవకపోయి ఉంటే తవ్వి ఏరుకునేవాళ్ళమేమో! చక్కగా రెండేసి ఆకులు విప్పుకుని, ఎర్రమట్టి మీద పచ్చగా వరసలు కట్టాయి. అప్పుడు మొదలైంది గాలి. నెల తిరగకుండా మొలకలన్నీ మాడి, ముట్టుకుంటే పొడి అయ్యాయి. నాయన చేనంతా తిరుగుతూ కాలివేలితో మట్టి గీకి చూసేవాడు. ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మా నాయన అలా మూగవాడు కావడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు భయమేసింది.

గుట్ట అవతలి ఊరిది వేరే వంక. అక్కడ ఎండ్రకాయలు బొరియల్లోనే ఉన్నాయి, వాళ్ళు కాయ ఒలవలేదు. సంతలో మావాళ్ళను చూసి, “మీ ఎండ్రకాయలకు పిచ్చి పట్టిందేమప్పా?” అని నవ్వారు. నవ్వినవాళ్ళకు తెలీదు, అది అక్షరాలా నిజమయ్యే వీలుందని. చాలా ఏళ్ళ తర్వాత, సైన్సు టీచరుగా పాఠం కోసం ఏదో చదువుతుంటే తెలిసింది. మనుషుల మనసు జబ్బులకు ఇచ్చే కొన్ని మందులు నీళ్ళలో చిటికెడు కలిసినా చాలట, నత్తలు రాతిమీద పట్టు వదిలేస్తాయట, ఎండ్రకాయల్లాంటివి నీడకు బెదరడం మానేస్తాయట. చదివి పుస్తకం మూసేశాను. ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలీదు. మా వంకలో కలిసింది అదేనా, లేక ఇంకేదైనా వాటి మొప్పలను కాల్చిందా? నాకు తెలీదు. ఎందుకు తెలీదంటే, అందులో ఏం వదిలారో ఈ రోజుకీ ఎవరూ మాకు చెప్పలేదు కాబట్టి.

మొలకలు మాడాక మావాళ్ళకు వంక వైపు చూసే ఓపిక వచ్చింది. అప్పటికే కంపు. మడుగు మీద నురగ తెట్టు కట్టి ఉంది. పచ్చి వార్నీషులాంటి వాసన, ముక్కు మూసుకున్నా గొంతులోకి దిగేది. నత్తలు రాళ్ళ మీదినుంచి ఊడిపడి వెల్లకిలా పడున్నాయి. ఆలిచిప్పలు నోళ్ళు తెరిచేసి, లోపల ఖాళీగా. గట్టెక్కిన ఎండ్రకాయలు గట్టు మీదే ఎండి, కాలికింద కరకరమంటున్నాయి. నీటి మీద జారే పురుగు ఒక్కటి లేదు. బతికున్నదల్లా దోమపిల్లలు, తైతక్కలాడుతూ.

నాయన, ఇంకా కొందరు మగవాళ్ళు, వద్దన్నా వినకుండా నేను, వంక వెంబడే పైకి నడిచాం. ఫ్యాక్టరీ గోడ వెనక, ముళ్ళకంప చాటున, సిమెంటు గొట్టం బయటపడింది. దాని నోటికింద రాళ్ళు పసుప్పచ్చగా మారాయి. గడ్డి కాలిపోయింది. నాయన ఒక రాయిని కాలితో దొర్లించి చూశాడు. తర్వాత అన్నాడు, “అయితే వాన కాదా?”

ఆ గొంతు నేను మర్చిపోలేను. కోపం కూడా లేదు అందులో. కోపమంతా నాకే వచ్చింది.

గేటు దగ్గరికి వెళ్ళాం. మేనేజరు వచ్చాడు. నవ్వు ముఖం, మెత్తని మాట. “మేం చేసేది విషం కాదయ్యా, మందులు. మీ పిల్లలకు జ్వరమొస్తే డాక్టరు రాసేది మా పొడే” అన్నాడు. గొట్టం సంగతి అడిగితే అది వాననీళ్ళ కాలువ అన్నాడు. వాన! ఆ ఏడు ఆకాశంలో లేని వాన ఆయన గొట్టంలో ఉందట. వారం తిరగకుండా మా బడి ఆవరణలో ఉచిత వైద్యశిబిరం పెట్టించాడు. మాడిపోయిన విత్తనానికి బదులు మా అమ్మ చేతిలో బలం మాత్రలు పెట్టారు. ఆమె వాటిని కళ్ళకద్దుకుని తీసుకుంది. నేను ఇంటికి తెచ్చి దిబ్బలో పారేశాను. అమ్మ తిట్టింది. తిట్టనీ.

మావాళ్ళు పెనుకొండ దాకా తిరిగి తిరిగి చెప్పుకోగా, చివరికి నీళ్ళ తనిఖీకని ఆ ఆఫీసరు వచ్చాడు. ఆయన వచ్చే రోజు ఊరికంటే ముందు ఫ్యాక్టరీకి తెలిసింది. గొట్టం నోట్లో రాళ్ళూ మట్టీ కుక్కి, పైన కంప వేసేశారు. మేనేజరు మనుషులు ఒక ప్లాస్టిక్ తొట్టి మోసుకొచ్చారు. అందులో నీళ్ళు, నీళ్ళలో చేపలు.

“ఇది మా ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చే నీళ్ళే సార్. చూడండి, చేపలు ఎంత హుషారుగా ఉన్నాయో!”

ఆఫీసరు తొట్టిలోకి తొంగిచూసి తల ఊపాడు. “చేప బతికితే నీళ్ళు మంచివే. రూలు అదే.”

ఆ తొట్టిలో నీళ్ళు ఏ బోరువో ఆయన అడగలేదు. నేను ఉండబట్టలేక ముందుకు వెళ్ళాను. “సార్, వంకలో ఎండ్రకాయలన్నీ చచ్చిపోయాయి. నత్తలూ చచ్చిపోయాయి. వాటిని చూసి మా నాయన విత్తనం వేశాడు.”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “చదువుకుంటున్నావా పాపా? ఏం గ్రూపు?”

“బైపీసీ సార్.”

“గుడ్. బాగా చదువుకో. ఎండ్రకాయలు లెక్కలోకి రావు.”

ఆయన మా బోండాం నీళ్ళు పీల్చింది అప్పుడే.

మరునాడు హిందూపురంలో మా జువాలజీ లెక్చరర్‌ను అడిగాను, ఎండ్రకాయలు అలా ఎందుకు కరవకుండా ఉంటాయి సార్ అని. ఆయన గడియారం చూసుకుని, “పరీక్షలో రొయ్య వస్తుందమ్మా, ఎండ్రకాయ రాదు” అన్నాడు. బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను. దుఃఖంతో కాదు, పళ్ళు కొరుక్కుంటూ.

నాయన బెంగళూరు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు విత్తనపు కాయ కొనుక్కొచ్చుకున్నాడు, మళ్ళీ సేద్యం మొదలుపెట్టాడు. కాని ఎప్పుడు ఒలవాలో చెప్పేవాళ్ళు లేరు. వంకలో ఎండ్రకాయ జాడ లేదు. ఒకింట్లో రేడియో విని ఒలిచేవాళ్ళు, ఒకింట్లో కల వచ్చిందని ఒలిచేవాళ్ళు. ‘రాయలసీమలో అక్కడక్కడా జల్లులు’ అని రేడియో చెబితే నాయన, “ఆ అక్కడక్కడా అనేది యాడప్పా?” అని దాన్నే అడిగేవాడు. ఊరంతా ఒకేసారి చాపలు పరిచే రోజు మళ్ళీ రాలేదు. ఒకరు వేసింది మొలిస్తే పక్కవాడిది ఎండేది, దాంతో ఒకరంటే ఒకరికి కంటగింపు. ఆ మధ్యలోనే అవ్వ పోయింది.

నేను డిగ్రీ ముగించే నాటికి ఫ్యాక్టరీ మూతపడింది. మామీద జాలితో కాదు, యజమానులు వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారు. ఆ మధ్య మంచి వానలు పడి వంక కడిగినట్టయింది. ఎక్కడినుంచి వచ్చాయో, గట్టులో మళ్ళీ చిన్న చిన్న బొరియలు కనిపించాయి. మరుసటి జూన్‌లో ఒక పొద్దున నేను వంకకు వెళితే, ఎండ్రకాయలు గట్టెక్కుతున్నాయి. ఒకదాన్ని పట్టుకోబోయాను. కరిచింది. అలా ఇలా కాదు, వేలు తెగి రక్తం కారింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా ఇంటికి పరిగెత్తాను.

“నాయనా! ఎండ్రకాయలు గట్టెక్కినాయి! చూడు, కరిచింది నన్ను! ఈతూరి నిజం! కాయ దించు!”

నాయన నా వేలు పట్టుకుని చూశాడు. పసుపు తెమ్మని అమ్మకు చెప్పాడు. అటక వైపు చూశాడు. కదల్లేదు.

“నేను ఒలవను పాపా.”

“ఏంటికి నాయనా? ఫ్యాక్టరీ మూసినారు కదా!”

“మూసినారని నీకెవరు చెప్పినారు? వాళ్ళే కదా! గమ్ముగుండు తల్లీ. ఇంగోతూరి పోగొట్టుకునే బలం నాకు లేదు.”

నేను అరిచాను, అలిగాను, నేనే ఒలుస్తానని అటకెక్కబోయాను. కాలు పట్టుకుని దింపేశాడు. ఊళ్ళో ఎవరూ ఒలవలేదు.

రెండో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. ఎలాంటి వాన! వంక గట్లు దాటి పొర్లింది. నాయన చూరుకింద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తనే గోతాం దించి, మూతి విప్పి, ఒలవడం మొదలుపెట్టాడు. అందరం కూర్చున్నాం. ఆ ఒలుపుడులో పాట లేదు, ఎగతాళి లేదు, ఉరుకులే. వేళ్ళు చిట్లినా ఎవరం ఆపలేదు. అయినా సగం కాయ ఒలిచేసరికి ఎండ కాసింది, పదును ఆరిపోయింది. సగం చేను బీడు పడింది.

ఆ ఒలుపుడు మధ్యలో, తల ఎత్తకుండా నాయన అన్నాడు, “ఆ ఏడు గూడా అవి అబద్ధం చెప్పిండ్లేదు పాపా. ఈడ ఉండేకి లేదు, పారిపోండి అని చెప్పినాయి. మనం వాన అనుకొంటిమి.”

చూడండి, దొంగలు ఏం దోచుకెళ్ళారో! విత్తనం మళ్ళీ కొనుక్కోవచ్చు. నిజం కళ్ళముందు నడిచొచ్చి, నా వేలు కరిచి, రక్తం కళ్ళజూపించి చెప్పినా నమ్మలేని స్థితికి మా నాయనను తెచ్చారు. దానికి ఏ శిబిరంలో ఏ మాత్ర ఇస్తారు? వాళ్ళ నోట్లో మన్ను పడ!

తర్వాత నాకు ధర్మవరంలో టీచరు ఉద్యోగం వచ్చింది, అక్కడే కాపురం. రెండువేల సంవత్సరం దాటాక, ఫ్యాక్టరీకి కొత్త బోర్డు తగిలించి మళ్ళీ తెరిచారు. తెరిచిన మొదటి ఏడే మా వంకకు పాత వాసన వచ్చేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీని ఇంకా పెద్దది చేస్తామన్నారు. అందుకు ప్రజల అభిప్రాయం అడుగుతారట, షామియానా వేసి. నేను సెలవు పెట్టి వెళ్ళాను. మేనేజరు కొత్తవాడు, ఆఫీసరు కొత్తవాడు. తొట్టి మాత్రం మళ్ళీ ఉంది. నీలం ప్లాస్టిక్ తొట్టి, అందులో చేపలు. అది చూడగానే లేవబోయాను. నాయన నా చెయ్యి నొక్కి, తనే లేచాడు. అప్పటికి నడుం వంగింది, గొంతు మాత్రం గట్టిదే.

“సారూ, చేపలు సరే. మాకు వాన చెప్పేది చేపలు కాదు. ఆ నీళ్ళలో ఒక ఎండ్రకాయను వేసి చూపీండి. అది బతికితే, బతికి నన్ను కరిస్తే, మీ ఫ్యాక్టరీ ఎంత పెద్దదైనా చేసుకోండి. నేను అడ్డం రాను.”

జనం గొల్లున నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. “అంతే కదా పెద్దాయనా? తీసుకురా. నీ చేత్తోనే వేద్దువు” అన్నాడు. ఆఫీసరు కూడా సరేనన్నాడు.

నాయన తలపాగా చుట్టుకుని వంకకు బయల్దేరాడు. వెనక నేను, ఇంకొందరు. మడుగు గట్టున బోర్లా పడుకుని బొరియల్లో చేతులు పెట్టాడు. ఒకటి, ఇంకొకటి, ఆ పక్కది. సాలెగూళ్ళు తగిలాయి, చిత్తడి తగిలింది, ఎండిన డొప్పలు చేతిలో పొడి అయ్యాయి. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు నాయనా అంటే వినలేదు. పై మడుగుకు వెళ్ళాడు, దాని పై మడుగుకు వెళ్ళాడు. “ఒకటి, ఒకే ఒకటి” అని గొణుక్కుంటున్నాడు. నేను కూడా చీర కుచ్చిళ్ళు దోపి వెతికాను. మేం వెతకని బొరియ లేదు. వంక పొడుగునా ఒక్క ఎండ్రకాయ లేదు.

తిరిగి వెళ్ళేసరికి షామియానా తాళ్ళు విప్పుతున్నారు. ఆఫీసరు జీపు దగ్గర ఉన్నాడు. నాయన ఖాళీ చేతులు చూసి, “దొరకలేదా?” అన్నాడు. తర్వాత, నిజంగా అర్థం కానట్టే ముఖం పెట్టి అడిగాడు. “మరి లేని ఎండ్రకాయల కోసం ఇంత గొడవ ఎందుకండీ?”

నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ ఇక్కడ రాయలేను, రాస్తే అచ్చువేయరు. జీపు వెళ్ళిపోయింది. నాయన మోచేతుల దాకా బురదతో ఆ తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రమే అటక మీది విత్తనపు గోతాలు దించాడు. ఒలవడానికేమో అని అమ్మ చాప పరిచింది. నాయన వాటిని ఎద్దులబండిలో వేసి, హిందూపురంలో నూనె మిల్లుకు తోలేసి వచ్చాడు.